షీర్ ఖుర్మా పలచగా ఉండాలా, చిక్కగానా? కండెన్స్‌డ్ మిల్క్ పోయొచ్చా?

షార్జా వంటిల్లు:
మా ఫ్లోర్‌లో కరాచీ కుటుంబం ఉంది, ఏటా రంజాన్ పండగ పొద్దున గిన్నెడు షీర్ ఖుర్మా (పాలు, ఎండు ఖర్జూరం, సేమ్యాతో చేసే పాయసం) పంపుతారు. ఈసారి ఆవిడకు చెయ్యి విరిగి కట్టు వేశారు, అందుకని నేనే చేసి వాళ్లకు పంపుదామనుకుంటున్నా. యూట్యూబ్‌లో చూస్తే సగం మంది కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా వంపేస్తున్నారు, కస్టర్డ్ పౌడర్ వేసి గరిటె నిలబడేలా చేసేవాళ్లూ ఉన్నారు. మిగతావాళ్లు ఉత్త పాలే మరిగిస్తున్నారు. ఏది చేయను?

నైట్ డ్యూటీ:
హాయిగా డబ్బా పోసెయ్యండి. నాతో పనిచేసే పాకిస్తానీ నర్సులే చాంద్ రాత్ (పండగ ముందు రాత్రి) నాడు డ్యూటీ దిగొచ్చి ప్యాకెట్ పాలల్లో కండెన్స్‌డ్ మిల్క్ కలిపి అరగంటలో కానిచ్చేస్తారు, వాళ్ల పిల్లలు ఇష్టంగా తింటారు. గంటల తరబడి స్టవ్ దగ్గర నిలబడితేనే పండగ అని ఆడవాళ్లకు చెప్పడం నాకు అస్సలు నచ్చదు. పద్ధతి అని పట్టుబట్టేవాళ్లలో గరిటె పట్టేవాళ్లెందరు?

పాతబస్తీ కోడలు:
అక్కా, టైమ్ సంగతి ఒప్పుకుంటా, రుచి సంగతి ఒప్పుకోను. మా అత్తగారి వైపు చుట్టాలు కొందరు కరాచీలోని హైదరాబాద్ కాలనీలో ఉన్నారు. దేశ విభజన తర్వాత మన దక్కన్ నుంచి వెళ్లినవాళ్లు స్థిరపడిన పేట అది, ఊరగాయలకూ బగారా బైంగన్‌కూ ఇప్పటికీ పేరు. అక్కడా ఇక్కడా మా ఇళ్లలో షీర్ ఖుర్మా పలచనే. గిన్నెలో పోస్తే పాలు కనబడాలి, సేమ్యా ఆ పాలల్లో విడివిడిగా తేలాలి.

ఎందుకంటే ఇందులో అసలు సరుకు ఎండు ఖర్జూరం. ఈదుల్ ఫితర్ నమాజుకు బయల్దేరే ముందు ఖర్జూరాలు తినడం ప్రవక్త అలవాటు, మా ఇళ్లలో ఆ పొద్దున మొదట నోట్లో పడేది ఇదే. రాత్రంతా నానిన ఖర్జూరం గింజ తీసి, నిలువునా సన్నగా చీరి, నేతిలో తిప్పి పాలల్లో వేస్తే సన్నసెగ మీద మెల్లగా తీపి వదులుతుంది. తెల్లటి పాలు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి, ముక్క మాత్రం పంటికింద కాస్త సాగుతూనే ఉంటుంది. కండెన్స్‌డ్ మిల్క్‌లో నూటికి నలభై పాళ్లకు పైనే చక్కెర. అది పోశాక ఖర్జూరం ఉందో లేదో నాలుకకు ఎలా తెలుస్తుంది?

ఇంకోటి, ఆ రోజు వచ్చేపోయేవాళ్లకు సాయంత్రం దాకా ఇస్తూనే ఉండాలి, సేమ్యా పాలు పీలుస్తూనే ఉంటుంది. పొద్దున జారుగా ఉన్నదే మధ్యాహ్నానికి దగ్గరపడుతుంది. ఇక దింపేటప్పుడే చిక్కగా ఉంటే సాయంత్రానికి ముద్దే మిగిలేది.

లాహోర్ రూమ్మేట్స్:
పాకిస్తాన్ అంటే కరాచీ ఒక్కటేనా? అబుదాబీలో నాతో ఉండేవాళ్లంతా లాహోర్, ఫైసలాబాద్ వైపు పంజాబీలు. వాళ్లకు ఈద్ అంటే సేవయ్యాఁ. సేమ్యాను నేతిలో వేయించి, గేదెపాలు పోసి దగ్గరపడేదాకా ఉడికిస్తారు, కొందరు పాలే లేకుండా చక్కెరతో పొడిపొడిగా చేస్తారు, ఖర్జూరం చాలాసార్లు కనబడదు. రోజాల్లో సహరీకి, అంటే తెల్లవారకముందు తినే భోజనానికి, ఫేణీలు (నేతిలో వేయించిన సన్న సేమ్యా చుట్టలు) వేడిపాలల్లో నానబెట్టుకుని తింటారు, అదీ మెత్తగానే ఉంటుంది. మరి వాళ్లదంతా తప్పా?

పాతబస్తీ కోడలు:
తప్పని ఎవరన్నారు భయ్యా? సేవయ్యాఁ చిక్కగానే బావుంటుంది, నేనూ చేస్తా. కానీ ఇక్కడ అడిగినావిడ కరాచీ ఇంటికి షీర్ ఖుర్మా పంపాలంటోంది. ఆ ఇంటినుంచి ఏటా వచ్చే గిన్నె ఎలా ఉంటుందో ఆవిడే చెప్పాలి.

షార్జా వంటిల్లు:
పలచగానే ఉంటుందండీ. సారపప్పు, సన్నగా తరిగిన పిస్తా పైన తేలుతూ ఉంటాయి, కేవ్డా (మొగలిపువ్వు) వాసన వస్తుంది.

పాతబస్తీ కోడలు:
అయితే ఇంకేం ఆలోచించకండి. లీటరున్నర వెన్న తీయని పాలకు సన్న సేమ్యా 50 గ్రాములు దాటొద్దు. నేతిలో ముందు బాదం, పిస్తా, సారపప్పు, ఖర్జూరం వేయించి తీసి, అదే నేతిలో సేమ్యా. అది క్షణంలో మాడుతుంది, ఫోన్ వస్తే ఎత్తకండి. పాలు మూడోవంతు తగ్గాక ఖర్జూరం వేసి, అది మెత్తబడ్డాక సేమ్యా వెయ్యండి. చక్కెర అన్నిటికంటే చివర, ఖర్జూరం తీపి రుచి చూశాకే. పులుపున్న కిస్‌మిస్ మాత్రం మరుగుతున్న పాలల్లో వేయొద్దు, విరిగే భయం ఉంది, దింపాక కలపండి.

నైట్ డ్యూటీ:
ఇదంతా సరే, పన్నెండు గంటల డ్యూటీ దిగొచ్చిన మనిషికి ఏం చెప్తావు?

పాతబస్తీ కోడలు:
ఖర్జూరం, బాదం ముందురోజే నానబెట్టి తరిగి ఫ్రిజ్‌లో పెట్టెయ్యక్కా. పాలు అంతసేపు మరిగించే ఓపిక లేకపోతే లీటరుకు రెండు చెంచాల పాలపొడి చల్లటి పాలల్లో కలిపి పోసెయ్యి. చిక్కదనం వస్తుంది, చక్కెర నీ చేతిలో ఉంటుంది. అరగంటకు అటూఇటూ అయిపోతుంది.

నైట్ డ్యూటీ:
పాలపొడి సంగతి బావుంది, ఈసారి చేస్తా. కానీ డబ్బా పోసేవాళ్లను మాత్రం తక్కువ చేసి మాట్లాడనివ్వను.