లెన్స్ డిజైన్ సొంతంగా నేర్చుకోవాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

పిక్సెల్_పిల్ల (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నేను ఈసీఈ చదివాను. సర్క్యూట్ బోర్డులను కెమెరాతో తనిఖీ చేసే మెషీన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఇప్పటిదాకా మాకు లెన్స్ కావాలంటే కేటలాగ్ చూసి కొనుక్కోవడమే. కొత్త మెషీన్‌కి మాత్రం ఏదీ కుదరడం లేదు. బోర్డు మధ్యలో సోల్డర్ అంచులు స్పష్టంగా ఉంటాయి, మూలలకి వెళ్లేసరికి మసకబారిపోతాయి. మనమే డిజైన్ చేసి చేయించుకుంటే ఎలా ఉంటుందని మా బాస్ అడిగారు. నాకు చాలా రోజులుగా ఇష్టమైన విషయం కాబట్టి నేను చేస్తానని ఒప్పుకున్నాను.

కావలసింది ఇదీ: ఫోకల్ లెంగ్త్ 35 మి.మీ., ఎఫ్/4 (కాంతి వచ్చే రంధ్రం వెడల్పు ఫోకల్ లెంగ్త్‌లో నాలుగో వంతు), 2/3 అంగుళాల సెన్సర్ (మూల నుంచి మూలకి 11 మి.మీ.), పిక్సెల్ 3.45 మైక్రాన్లు.

నా దగ్గర అజయ్ ఘటక్ గారి ‘ఆప్టిక్స్’ ఉంది. ఇంటర్‌ఫియరెన్స్, డిఫ్రాక్షన్ బాగానే వచ్చు. అబరేషన్లు (లెన్స్ వల్ల బొమ్మలో వచ్చే దోషాలు) మా సిలబస్‌లో లేవు. నెట్‌లో లిస్టులు చూస్తే బోలెడు పేర్లు ఉన్నాయి, ఒక్కో పుస్తకం వేల రూపాయలు. అన్నీ కొనలేను. లెన్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ జీమ్యాక్స్ లైసెన్స్ ఇంకా తీసుకోలేదు. ఏది ముందు చదవాలి, ఏది తర్వాత, ఏది ఇప్పట్లో అక్కర్లేదు? దయచేసి చెప్పండి.

తారాపథం (విజయవాడ)

నేను సరదాగా టెలిస్కోపులు కట్టుకునేవాణ్ణి, ఇది నా వృత్తి కాదు. హెక్ట్ ‘ఆప్టిక్స్’లో బొమ్మలు చాలా బాగుంటాయి, నాకు అదే బాగా ఉపయోగపడింది. లైసెన్స్ కోసం ఆగొద్దు. ఆస్లో అనే ఇంకో లెన్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఉచితంగా ఇచ్చే ఎడ్యుకేషన్ వెర్షన్ ఉంది, 10 ఉపరితలాల వరకు పని చేస్తుంది. పైథాన్ వచ్చి ఉంటే రేఆప్టిక్స్, ఆప్టిలాండ్ అని రెండు ఉచిత లైబ్రరీలు ఉన్నాయి.

ఆరు_ఉపరితలాలు (బెంగళూరు)

అమ్మా, మీరు ఫోకల్ లెంగ్త్, సెన్సర్, పిక్సెల్ అన్నీ రాసి అడిగారు. అందుకే నేనూ వివరంగా రాస్తాను. నా ఉద్యోగమంతా లెన్సులతోనే గడిచింది. కొత్తగా చేరిన పిల్లలకి పుస్తకాలు చేతికిచ్చింది కూడా నేనే.

హెక్ట్, ఘటక్ ఇద్దరివీ మంచి పుస్తకాలు. వాటిలో కాంతి ఎలా నడుస్తుందో ఉంటుంది, లెన్స్ ఎలా చేయాలో ఉండదు. ఘటక్ మీ దగ్గర ఉంది కాబట్టి హెక్ట్ కొనక్కర్లేదు. బోర్న్, వుల్ఫ్‌ల పెద్ద పుస్తకం పేరు కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది గొప్ప గ్రంథం, కానీ ఇప్పుడు వద్దు.

మొదట కొనాల్సింది వారెన్ స్మిత్ ‘మోడర్న్ ఆప్టికల్ ఇంజినీరింగ్’. 1966లో మొదటిసారి వచ్చింది. ఏ ఎడిషన్ దొరికినా తీసుకోండి, పాతది తక్కువ ధరకి దొరికితే ఇంకా మంచిది. ఆయన ఇంజినీరు మనిషి, ప్రతి చాప్టర్‌లోనూ చేతికి ఒక లెక్క ఇస్తాడు. మీ స్పెసిఫికేషన్‌నే చూడండి. 3.45 మైక్రాన్ల పిక్సెల్ అంటే మిల్లీమీటరుకి 145 గీతల జతలు దాటితే సెన్సర్ వాటిని విడదీయలేదు. ఎఫ్/4 దగ్గర ఆకుపచ్చ వెలుగుకి డిఫ్రాక్షన్ పెట్టే హద్దు 450 చుట్టుపక్కల ఉంటుంది. ఈ రెండిటినీ కలిపి చూస్తే, ఏ దోషమూ లేని లెన్స్ అయినా 145 దగ్గర ఇచ్చే కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా, పూర్తిగా ఉంటే 1) సుమారు 0.6, అంతకు మించదు. ఈ అంకె మీ బాస్‌కి పని మొదలుపెట్టకముందే చూపించండి. ఆ తర్వాత 0.7 కావాలని అడిగితే అది ఎవరివల్లా కాదని ఇద్దరికీ తెలిసే ఉంటుంది.

రెండోది రుడాల్ఫ్ కింగ్స్‌లేక్ ‘లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్’. 1978 నాటిది. బ్యారీ జాన్సన్ తిరగరాసిన రెండో ఎడిషన్ కూడా ఉంది. కింగ్స్‌లేక్ కొడాక్‌లో లెన్సులు చేశాడు, రోచెస్టర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. కంప్యూటర్ చేతికి రాకముందు డిజైనర్ ఎలా ఆలోచించేవాడో ఆ పుస్తకంలో కనిపిస్తుంది. ఈ రోజుల్లో అలా ఎందుకు ఆలోచించాలి అంటారేమో. సాఫ్ట్‌వేర్‌లో ఆప్టిమైజ్ బటన్ నొక్కితే మీరిచ్చిన మొదటి రూపం చుట్టుపక్కలే అది వెతుకుతుంది. ఆ రూపం చెడ్డదైతే వచ్చేది కూడా చెడ్డదే, కాకపోతే అంకెలు కొంచెం మెరుగ్గా ఉంటాయి. మంచి మొదటి రూపం ఎలా వస్తుందో చెప్పే పుస్తకం కింగ్స్‌లేక్‌ది.

కింగ్స్‌లేక్ గురువు, పిల్లనిచ్చిన మామ ఒకరే, ఏ.ఈ. కాన్రాడీ. ఆయన ‘అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్’ మొదటి భాగం 1929లో వచ్చింది. రెండో భాగం ఆయన పోయాక 1960లో, కింగ్స్‌లేక్ చేతుల మీదుగా బయటికొచ్చింది. నాకు చాలా ఇష్టమైన పుస్తకం అది. కానీ మీ పనికి ఇప్పుడే అవసరం లేదు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న మాట. ఏ పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకండి. ఒక్క లెన్స్‌ని పట్టుకోండి. దాని గురించి స్మిత్ ఏమన్నాడో చూడండి, కింగ్స్‌లేక్ ఏమన్నాడో చూడండి, చేత్తో లెక్క వేయండి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. ఆ లెన్స్ వచ్చేదాకా ఇంకో లెన్స్ జోలికి పోకండి.

మొదట డబ్లెట్ (రెండు లెన్సులు కలిపి అతికించినది) తీసుకోండి. ఫోకల్ లెంగ్త్ 100 మి.మీ. అనుకుందాం. క్రౌన్ గాజు బీకే7, దాని అబ్బె సంఖ్య (ఇది ఎంత ఎక్కువైతే రంగులు అంత తక్కువ విడిపోతాయి) 64.17. ఫ్లింట్ గాజు ఎఫ్2, దానిది 36.37. ఎరుపు, నీలం ఒకేచోట కలవాలంటే క్రౌన్ ఫోకల్ లెంగ్త్ 43.3, ఫ్లింట్‌ది మైనస్ 76.4 మి.మీ. రావాలి. ఈ రెండంకెలూ మీ కాగితం మీద మీ చేత్తో రావాలి. వచ్చాక కాసేపు వాటివైపు చూడండి. మనకి కావలసిన బలానికి 2.3 రెట్ల బలమున్న క్రౌన్ పెట్టి, ఎక్కువైనదంతా ఫ్లింట్‌తో తీసేస్తున్నాం. వంపులు అంత లోతుగా ఎందుకు పోతాయో, ఆ వంపుల వల్ల కొత్త దోషాలు ఎందుకు పుడతాయో అక్కడే అర్థమవుతుంది.

ఆ తర్వాత ట్రిప్లెట్. 1893లో యార్క్‌లోని కుక్ కంపెనీలో డెనిస్ టేలర్ పేటెంట్ తీసుకున్న లెన్స్ అది. కాంతిని దగ్గరికి చేర్చే రెండు ప్లస్ లెన్సుల మధ్య దాన్ని విడదీసే ఒక మైనస్ లెన్స్, మూడూ విడివిడిగా ఉంటాయి. ఆరు వంపులు, రెండు ఖాళీలు, మొత్తం ఎనిమిది మన చేతిలో ఉంటాయి. సరిచేయాల్సినవి ఫోకల్ లెంగ్త్, ఐదు సైడెల్ అబరేషన్లు (ఒకే రంగు కాంతిలోనూ ఉండే దోషాలు), రంగుకి సంబంధించినవి రెండు. అవీ ఎనిమిదే. మైనస్ లెన్స్ మధ్యలో ఉండటానికి కారణం ఉంది. అక్కడికి వచ్చేసరికి కిరణం ఎత్తు తగ్గి ఉంటుంది కాబట్టి ఆ లెన్స్ మొత్తం బలాన్ని కొంచెమే తగ్గిస్తుంది. ఫీల్డ్ వంపుని (బొమ్మ చదునుగా కాకుండా వంగి పడటాన్ని) సరిచేయడంలో మాత్రం దానికి పూర్తి బలం ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎత్తుతో పనిలేదు. మీ బోర్డు మూలలు మసకబారడానికి ఒక కారణం ఆ వంపే కావచ్చు. మీ 35 మి.మీ. లెన్స్‌కి చివరికి ట్రిప్లెట్ చాలకపోవచ్చు, ఇంకా ఎక్కువ లెన్సులుండే డబుల్ గాస్ అనే రూపం వైపు వెళ్లాల్సి రావచ్చు. అయినా ట్రిప్లెట్ చేతికి రాకుండా అటు వెళ్లకండి.

ఇప్పుడే రెండు పుస్తకాలూ కొనలేకపోతే ఉచితమైనది ఒకటుంది. అమెరికా రక్షణ శాఖ 1962లో అచ్చేసిన ఆప్టికల్ డిజైన్ హ్యాండ్‌బుక్, నంబర్ 141. నెట్‌లో వెతికితే దొరుకుతుంది. స్కాన్ కొంచెం మురికిగా ఉంటుంది కానీ విషయం బంగారం.

ఎడారి_వెన్నెల (టూసాన్, అరిజోనా)

పైన చెప్పినదంతా నిజం. నేను ఇక్కడ ఆప్టికల్ సైన్సెస్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఒక్క పేరు కలుపుతాను. ఇక్కడి ప్రొఫెసర్ హోసే సాసియన్ ‘ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్’ 2019లో వచ్చింది. చిన్న పుస్తకం. స్మిత్ చదివి లెక్కలు చేశాక దీన్ని తెరిస్తే, మనం చేసినవన్నీ ఒక వరుసలో కూర్చుంటాయి. అబరేషన్ల సిద్ధాంతం లోతుగా కావాలంటే వెల్‌ఫోర్డ్ ‘అబరేషన్స్ ఆఫ్ ఆప్టికల్ సిస్టమ్స్’ ఉంది. అది కొనొద్దు. దగ్గర్లో ఏ యూనివర్సిటీ లైబ్రరీలోనైనా కూర్చుని, కావలసిన చాప్టర్ వరకు చదువుకుంటే చాలు.

పిక్సెల్_పిల్ల

సార్, చాలా థాంక్స్. స్మిత్ పాత ఎడిషన్ ఒకటి ఆర్డర్ పెట్టాను. అది వచ్చేలోపు ఆ 141 హ్యాండ్‌బుక్ దించుకుని మొదలుపెట్టాను. డబ్లెట్ లెక్క చేశాను, 43.3, మైనస్ 76.4 వచ్చాయి. ఒకచోట ఆగిపోయాను. కిరణం కోణం గుర్తు ఒక పుస్తకంలో ప్లస్ ఉంటే ఇంకోదాంట్లో మైనస్ ఉంది. ఏది నమ్మాలి?

ఆరు_ఉపరితలాలు

రెండూ సరైనవే. కొందరు అక్షం వైపు కిందికి దిగే కిరణానికి మైనస్ పెడతారు, కొందరు ప్లస్ పెడతారు. మీరు ఒక పద్ధతి ఎంచుకుని నోట్‌బుక్ మొదటి పేజీలో బొమ్మతో సహా గీసుకోండి. ఏ కొత్త పుస్తకం తెరిచినా ముందు ఒకే ఒక్క ఉపరితలంతో పరీక్షించండి.

వంపు వ్యాసార్ధం 50 మి.మీ., గాలి నుంచి బీకే7లోకి, వక్రీభవన గుణకం 1.5168. కిరణం అక్షానికి సమాంతరంగా వస్తోంది. అక్షానికి బాగా దగ్గరి కిరణం గాజు లోపల 146.75 మి.మీ. దగ్గర కలవాలి. ఏ పుస్తకం గుర్తులు వాడినా ఇదే రావాలి. రాకపోతే మీరు ఆ పుస్తకం గుర్తులు పట్టుకోలేదని అర్థం.

ఇప్పుడు అదే ఉపరితలం మీద 10 మి.మీ. ఎత్తులో వచ్చే కిరణాన్ని స్నెల్ సూత్రంతో, ఏ ఉజ్జాయింపూ లేకుండా లెక్క వేయండి. కాలిక్యులేటర్ చాలు. ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.

గాజు_చక్రం (మచిలీపట్నం)

మేడం గారూ, నేను డిజైనర్‌ని కాదు, లెన్సులు రుద్దే చోట పని చేసేవాణ్ణి. మా బందరుకి ఆప్టిక్స్ కొత్త కాదు. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ఇక్కడే పుట్టింది, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) దాన్ని తీసుకుంది.

పుస్తకాల్లో ఫ్రాంక్ ట్వైమన్ ‘ప్రిజమ్ అండ్ లెన్స్ మేకింగ్’ ఒక్కసారి తిరగేయండి. పాతదే, ఇప్పుడు మెషీన్లు మారాయి. కానీ గాజు మారలేదు.

డిజైన్ చేసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది అంచు మందం. మీ డబ్లెట్‌లో 43.3 మి.మీ. క్రౌన్‌నే తీసుకోండి. రెండువైపులా ఒకే వంపు పెడితే వ్యాసార్ధం 44.8 దగ్గర వస్తుంది. లెన్స్ అడ్డం 25 మి.మీ. అయితే ఒక్కో వైపు 1.78 మి.మీ. ఉబ్బుతుంది. మధ్య మందం 4 మి.మీ. అని రాశారంటే అంచు దగ్గర అర మి.మీ. కూడా మిగలదు. అలాంటిది సెంటరింగ్‌లోనే (అక్షానికి సరిపడేలా అంచు అరగదీసేటప్పుడే) పెచ్చులు లేచిపోతుంది. మధ్యలో 6 ఇవ్వండి, అంచుకి 2.4 ఉంటుంది, హాయిగా పట్టుకోవచ్చు.

ఇంకోటి. ఏ షాపులో చేయిస్తారో ముందే అనుకుని వాళ్ల టెస్ట్ ప్లేట్ల (వంపు సరిపోల్చి చూసే గాజు అచ్చుల) లిస్ట్ అడగండి. వాళ్ల దగ్గర 44.9 ప్లేట్ ఉంటే మీ 44.8ని 44.9కి మార్చి, మిగతా వంపులు సర్దుకోండి. లేకపోతే ఒక్కో వంపుకి కొత్త ప్లేట్ చేయాల్సి వస్తుంది, ఆ ఖర్చు, ఆ ఆలస్యం మీ మీదే పడతాయి.

పిక్సెల్_పిల్ల

అంచు మందం సంగతి నిజంగా తెలియదండీ, చాలా థాంక్స్. లెక్క మళ్లీ వేసుకున్నాను.

సార్, 10 మి.మీ. ఎత్తు కిరణానికి 145.46 వచ్చింది. అంటే 146.75 కంటే ముందే కలుస్తోంది, తేడా దాదాపు 1.29 మి.మీ. సరైనదేనా?

ఆరు_ఉపరితలాలు

సరైనదే. అదే స్ఫెరికల్ అబరేషన్. పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకోవడం వేరు, ఇలా మీ కాలిక్యులేటర్‌లో రావడం వేరు.

ఇప్పుడు 5 మి.మీ. ఎత్తుతో మళ్లీ చేయండి. తేడా 0.32 దగ్గర రావాలి. ఎత్తు సగమైతే తేడా నాలుగో వంతుకి పడిపోతుంది. అది మీకు వచ్చాక స్మిత్‌లో అబరేషన్ల చాప్టర్ తెరవండి, అంతకుముందు వద్దు. ఆ తర్వాత మీ డబ్లెట్ మూడు ఉపరితలాల గుండా ఇదే పద్ధతిలో ఒక కిరణాన్ని చివరిదాకా నడిపించండి. క్రౌన్ మధ్య మందం బందరు ఆయన చెప్పినట్టు 6 పెట్టుకోండి.