సమస్యాపూరణం: "పట్టపగలు చంద్రుఁ బట్టె తమము"

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. తమమును రాహువన్నా సరే, భూమి నీడన్నా సరే. "కలలో కన్నాను" అని తప్పించుకునే పూరణలు మాత్రం వద్దు. ధ్రువాల దగ్గర ఇది నిజంగానే జరుగుతుంది. 2010 డిసెంబరు 21న నార్వే ఆర్కిటిక్ దీవులైన స్వాల్‌బార్డ్‌లోని నై-ఆలెసుండ్‌లో సంపూర్ణ చంద్రగ్రహణం నడిమికి వచ్చేసరికి గడియారంలో ఉదయం 9:17. చంద్రుడు వాయవ్యాన, సుమారు 15 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఎంత దిగితే, ఎదురుగా ఉండే పున్నమి చంద్రుడు ఉత్తరానికి అంత ఎక్కుతాడు. 79 డిగ్రీల అక్షాంశంలో ఆ రోజుల్లో అతనికి అస్తమయమే ఉండదు.

చకోరం:

భానుఁ డుదయ మవక పదహారు వారాలు
గంట తొమ్మిదైనఁ గదలదు నిశి
మంచు నేల మీద మన హిమాద్రి యెదుట
పట్టపగలు చంద్రుఁ బట్టె తమము

గురులఘువు: చకోరం గారూ, హాయిగా నడిచింది. భా-ప యతి కుదిరింది. పదహారు వారాల లెక్కా సరైనదే. అక్కడ అక్టోబరు చివర మునిగిన సూర్యుడు ఫిబ్రవరి మధ్య దాటాకే కనబడతాడు. నాకున్న పేచీ మూడో పాదంతో. నై-ఆలెసుండ్‌లోని మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి 2008లో మొదలైనా, శీతాకాలంలో మనవాళ్లను అక్కడ ఉంచడం 2023 డిసెంబరు నుంచే. మరి 2010లో "మన హిమాద్రి యెదుట" నిలబడి చూసిందెవరండీ? కవికి ఆ మాత్రం చొరవ ఉంటుందనుకుని వదిలేస్తున్నా.

పెంగ్విన్ పంతులు:

వెలుగు రేడు తూర్పు వేదికపై నుండ
నీలి మంచు గట్టు నెత్తి మీద
దక్షిణాన నిల్చి తలయెత్తి చూడుము
పట్టపగలు చంద్రుఁ బట్టె తమము

గురులఘువు: పంతులుగారూ, గణాలు నిక్కచ్చిగా ఉన్నాయి, ఖగోళమే తప్పింది. గ్రహణవేళ సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీత మీద ఉండాలి. సూర్యుడు దిగంతానికి అయిదు డిగ్రీలు పైనుంటే చంద్రుడు దాదాపు అయిదు డిగ్రీలు కిందుంటాడు. వాతావరణ వక్రీభవనం బింబాన్ని దిగంతం దగ్గర అర డిగ్రీకి కాస్త ఎక్కువగా ఎత్తుతుంది, అంతే. గట్టు నెత్తిన చూపించేంత కాదు. పైగా మీరు సరిగ్గా దక్షిణ ధ్రువం మీద నిలబడితే తూర్పే లేదు, ఎటు చూసినా ఉత్తరమే! అక్కడ గ్రహణ చంద్రుడు 24 డిగ్రీలకు అటూఇటూ మించి ఎక్కడు కనుక "తలయెత్తి" కూడా అతిశయమే. మొదటి పాదం ఇలా మార్చండి:

వెలుగు రేడు నేల వెనుకకు జారంగ

నల, త గణాలు, వె-వె యతి. సూర్యుడు నేల వెనక్కి పోవడమే గ్రహణం కనుక అర్థం కూడా బిగిసింది.

పెంగ్విన్ పంతులు: సవరణ శిరోధార్యం.

కెమెరా కవి:

బ్యాట రొకటి దాచి పైకోటు జేబులో
కటక మంటు మంచు గడ్డ తుడిచి
నాల్గు సెకను లుంచ నలుపు నెరుపు చిక్కు
పట్టపగలు చంద్రుఁ బట్టె తమము

ఉత్తరాయణి: కవిగారూ, ఈ పద్యం నమ్మి వెళ్లినవాడు ఖాళీ కార్డుతో తిరిగొస్తాడు. పైకోటు జేబు కూడా చల్లగానే ఉంటుంది. చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి, చార్జి ఉన్నా కెమెరా ఆగిపోతుంది. ఒంటికి ఆనుకుని ఉంచి, మార్చి మార్చి వాడాలి. రెండో పాదం ఇంకా ప్రమాదం. తుడిస్తే కటకం పూత గీతలు పడుతుంది, వంగి చూసేటప్పుడు మీ ఊపిరే దానిమీద గడ్డకడుతుంది. ముందే వేడి పట్టీ చుట్టాలి, దానికి వేరే పవర్ బ్యాంకు.

బ్యాట రొకటి దాచి బనియను మడతలో
కటకమునకు వేడి కట్టు చుట్టి

ఇక నాలుగు సెకన్లు. చంద్రుడు తన వ్యాసమంత జరగడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. అంటే నాలుగు సెకన్లలో బింబంలో ముప్పయ్యో వంతు జరిగి ఫొటో అలుక్కుపోతుంది. 400 మి.మీ. లెన్సు, ఉత్త ట్రైపాడ్ అయితే ఐఎస్‌ఓ 3200 (కెమెరా కాంతిని పట్టే సున్నితత్వం) పెట్టి అర సెకను దాటకండి. ట్రాకర్ (ఆకాశం కదలికతో పాటు కెమెరాను తిప్పే పరికరం) ఉంటే నాలుగు సెకన్లకు ఢోకా లేదు. దాని ఇరుసును ధ్రువనక్షత్రానికి గురిపెట్టాలి. కానీ ధ్రువనక్షత్రం 79 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటుంది. మీ ట్రాకర్ అడుగు అంతెత్తుకు వంగుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ట్రైపాడ్ కాళ్ల కింద చెక్కలు వేయకపోతే మంచులో దిగబడతాయి. నై-ఆలెసుండ్‌లో వైఫై, బ్లూటూత్ నిషిద్ధం, అక్కడి రేడియో పరికరాలకు అడ్డు తగులుతాయని. ఫోన్ యాప్‌తో కెమెరా నడపడం కుదరదు, తీగ రిమోటే గతి.

కెమెరా కవి: ఒప్పుకున్నా తల్లీ. లోపలికి తెచ్చేటప్పుడో?

ఉత్తరాయణి: బయటే జిప్ సంచిలో పెట్టి మూతి బిగించి తెండి. గది వేడికి వచ్చేదాకా, రెండు మూడు గంటలు, తెరవకండి. లేదంటే తేమంతా సర్క్యూట్ల మీద దిగుతుంది. కార్డు ముందే తీసి పెట్టుకుంటే ఆగలేని వాళ్లకు మంచిది.

చకోరం (రెండో పూరణ):

ఆరిపోవ శశియు నంబరంబున లేచెఁ
బచ్చ యెరుపు తెరల భవ్య కాంతి
మబ్బు తునక లేని మధ్యాహ్న గగనాన
పట్టపగలు చంద్రుఁ బట్టె తమము

గురులఘువు: ఈ వారానికి ఇదే మేటి. సంపూర్ణ గ్రహణంలో వెన్నెల వేల రెట్లు తగ్గుతుంది కనుక, అప్పటిదాకా దాని కాంతిలో మునిగిన అరోరా (ధ్రువాల ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) తేలుతుంది. మధ్యాహ్నం అరోరా ఏమిటని అడగబోయేవారికి: అయస్కాంత లెక్కన స్వాల్‌బార్డ్ మధ్యాహ్నం సుమారు 9 యూటీకి (విశ్వ సమయం, అక్కడి శీతాకాలపు గడియారం కన్నా గంట వెనక) వస్తుంది. ఆ వేళ పగటివైపు అరోరా ఆ దీవుల నెత్తిన ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎరుపుదే పైచేయి. కాబట్టి "పచ్చ" ముందుకు రావడం యతి కోసమేనని తెలుస్తూనే ఉంది.

నిర్వాహకులు: పూరణలు ఆదివారం దాకా పంపవచ్చు. 2028 డిసెంబరు 31 గ్రహణం మీద రాసేవారు వేళ చూసుకోండి. నడిమి ఘడియ 16:52 యూటీ, నై-ఆలెసుండ్‌లో సాయంత్రం 5:52, చంద్రుడు తూర్పున సుమారు 22 డిగ్రీల ఎత్తున. "పట్టపగలు" అనాలంటే ఇంకేదైనా ఉపాయం వెతకాలి.