మందు మాన్పించడానికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) చికిత్స: ఎవరైనా చేయించారా?

బ్రాడీపేట వదిన: మా ఆయన డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చారు. ఇంట్లో ఉన్నంతసేపూ బాగానే ఉంటారు. జీతం పడ్డ సాయంత్రం అరండల్‌పేట వైపు వెళ్తే చాలు, మళ్ళీ మొదలు. కళ్ళకు హెడ్‌సెట్ పెట్టి, బార్‌లో కూర్చున్నట్టు చూపించి కోరిక తగ్గిస్తారని కౌన్సెలర్ చెప్పారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కృష్ణలంక అన్న: మా తమ్ముడికి చేయించామమ్మా. మొదట చూపించింది విదేశీ బార్. నీలం లైట్లు, గాజు గ్లాసులు. వాడిలో చలనమే లేదు. వాడు తాగేది వైన్ షాపు పక్కన నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో, ఉడకబెట్టిన గుడ్డుతో. అప్పుడు సైకాలజిస్టు గారు 360 డిగ్రీల కెమెరాతో వాడు వెళ్ళే వీధినే తీయించారు. అది పెట్టగానే గొంతు తడారిపోయింది, అరచేతులకు చెమటలు. ‘పదికి ఎంత లాగుతోంది?’ అని అడుగుతూ, ఆ ఊపు తగ్గేదాకా అక్కడే ఉంచారు. స్నేహితుడు ‘ఒక్క పెగ్గే రా’ అంటే ఏం చెప్పాలో వాడి నోటితోనే మళ్ళీ మళ్ళీ పలికించారు. అన్నిటికన్నా ఆ పలికించడమే పనికొచ్చిందని నా నమ్మకం.

గుంటూరు సైకాలజీ స్టూడెంట్: ఇది అలవాటైన సంకేతం కనిపిస్తే ఒళ్ళు తనంతట తానే స్పందిస్తుందనే పావ్‌లోవ్ సూత్రమే. సీసా కనిపించినా తాగడం జరగకపోతే ఆ రెండిటి మధ్య ముడి వదులవుతుంది. చిక్కేమిటంటే, క్లినిక్ గదిలో వదులైన ముడి వీధిలోకి రాగానే మళ్ళీ బిగుస్తుంది. కాంక్లిన్, టిఫనీ అనే పరిశోధకులు 2002లో పాత అధ్యయనాలన్నీ తిరగేసి, కేవలం ఇలా చూపించడం వల్లే మానేస్తారనడానికి గట్టి ఆధారం లేదన్నారు. వీఆర్‌తో లాభం ఇక్కడే: కుర్చీలోంచి లేవకుండా వైన్ షాపు, పెళ్ళి విందు, ఫ్రెండ్ రూము మార్చి మార్చి చూపించొచ్చు. అమెరికాలోని హ్యూస్టన్ యూనివర్సిటీలో పాట్రిక్ బోర్డ్‌నిక్ అనే పరిశోధకుడి బృందం సిగరెట్లకీ, మద్యానికీ, హెరాయిన్‌కీ ఇలాంటి దృశ్యాలు తయారుచేసింది. కోరిక పుట్టించడంలో వీఆర్ బలం బాగానే తేలింది. శాశ్వతంగా మాన్పించడంలో ఆధారాలు ఇంకా పలచనే.

టీకొట్టు బాచి: నాది సిగరెట్. తెరలో టీకొట్టు కనిపిస్తుంది గానీ పొగ వాసన రాదు. నన్ను లాగేది వాసనే.

మంగళగిరి నర్సు: వదినా, ముందు ఇది చూడండి. రోజూ తాగే మనిషి ఉన్నపళంగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆయన మళ్ళీ తాగుతున్నారంటే ముందు డాక్టరు దగ్గర డిటాక్స్ (వైద్యుల కనుసన్నల్లో మందు ఆపించడం), ఆ తర్వాతే హెడ్‌సెట్. తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు ఇవ్వొచ్చో లేదో కూడా డాక్టరే చెప్పాలి. యూట్యూబ్ వీడియోలతో ఇంట్లో సొంతంగా మాత్రం చెయ్యొద్దు. కోరిక రేపి మధ్యలో వదిలేస్తే మనిషి అటునుంచి అటే షాపుకి పోతాడు. రాత్రి పూట మాట్లాడాలన్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం.

కృష్ణలంక అన్న: నర్సమ్మ చెప్పింది నిజం. సెషన్ అయ్యాక మా వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. నేనో, మా అమ్మో పక్కనుండి అన్నం తినిపించాకే కదలనిచ్చాం.

బ్రాడీపేట వదిన: అయితే ముందు డిటాక్స్ సంగతి మాట్లాడతాను. ఆ తర్వాత సెషన్ జీతం రోజుకి ముందే పెట్టమని అడుగుతాను. అన్నయ్యా, వీధి వీడియో మేము తీసివ్వొచ్చా?

కృష్ణలంక అన్న: సైకాలజిస్టు ఒప్పుకుంటే తీయండమ్మా, మీ ఆయనను మాత్రం వెంట తీసుకెళ్ళొద్దు. దీపాలు పెట్టే వేళకే తీయండి. మేం మొదటిసారి మధ్యాహ్నం తీసింది వాడి మీద పనిచెయ్యలేదు.