ప్రకృతి మీద ప్రేమ పుట్టుకతో వస్తుందా? బొమ్మకు మూలం అదేనా?

గుట్టలబాట:
చీమల మీద పరిశోధన చేసిన ఎడ్వర్డ్ విల్సన్ 1984లో 'బయోఫీలియా' అనే పుస్తకం రాశాడు. చెట్టు, పిట్ట, జంతువు మీద మనిషికుండే ఆకర్షణ పుట్టుకతోనే వస్తుందని ఆయన వాదన. నాకు నిజమే అనిపిస్తుంది. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో రాతి మీద ఎర్ర రంగుతో జంతువులను గీసినవాళ్లకు ఏ డ్రాయింగ్ సారు నేర్పాడు? కాదనేవాళ్లు చెప్పండి.

ఐదో పీరియడ్:
నేను కాదంటాను అన్నా. హన్మకొండలో డ్రాయింగ్ చెప్తాను. 'మీ ఇష్టమొచ్చింది గీయండి' అంటే పిల్లలు గీసేది ఒకటే: రెండు గుట్టలు, మధ్యలో సూర్యుడు, కింద వాగు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. కిటికీలోంచి కనబడేదేమో తాటిచెట్టు! ముందు బెంచీవాడు కొబ్బరిచెట్టు గీశాడు, వాడి అక్క నోట్‌బుక్‌లోనూ అదే ఉంది, అంతే. పుట్టుకతో వచ్చిన ప్రేమైతే ఒక్కడైనా తాటిచెట్టు గీయాలి కదా. ఇక ఆ గుట్టల్లో జంతువులే కాదు, మనుషులు, ఏవేవో గుర్తులు కూడా ఉన్నాయి. వేటాడి బతికినవాళ్లు జంతువును గీస్తే అది ప్రేమో, ఆకలో, భయమో ఎట్లా తేలుస్తాం?

గుట్టలబాట:
మరి రామప్ప? 1213లో కట్టిన గుడి, చుట్టూ వరుసగా ఏనుగులు. ఏనుగును తనివితీరా చూడనివాడు అట్లా చెక్కగలడా సారూ?

ఐదో పీరియడ్:
చూసే ఉంటాడు, కాకతీయుల సైన్యంలో ఏనుగులున్నాయి కదా. అది అడవి మీద ప్రేమా, రాజు గొప్పా? పైన నల్లరాతి మదనికల (నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీల శిల్పాలు) దగ్గరే జనం ఫోటోల కోసం ఎగబడేది, ఆ సంగతీ గుర్తు పెట్టుకోండి.

చేర్యాల కోడలు:
మా నకాషీ పటాలు, అంటే కథ చెప్పేందుకు బట్ట మీద గీసే బొమ్మలు, మర్చిపోయారు. ఎర్రటి నేపథ్యం మీద అంతా మనుషులు, దేవుళ్లు, కొట్లాటలే. కుల పురాణం చెప్పేవాళ్లకు కావాల్సింది కథ. పువ్వులకు దక్కేది అంచే. కానీ ఆ బట్టకు పూసేది చింతగింజల జిగురు, సుద్దమట్టి. మీరిద్దరూ బొమ్మలో ఏముందనే చూస్తున్నారు, దేంతో చేశారన్నది చూడట్లేదు. అట్లని గుట్టలబాట తమ్ముడి దిక్కూ పూర్తిగా రాను. బతుకమ్మకు తంగేడు ఉన్నదున్నట్టు పేరుస్తాం, గునుగును మాత్రం రంగునీళ్లలో ముంచుతాం. ఉన్న పువ్వును ఉన్నట్టు మెచ్చే గుణం పుట్టుకతో వస్తే రంగుపొడి ఎందుకు కొంటున్నాం?

గుట్టలబాట:
పువ్వు లేకుంటే రంగు దేనికి అద్దుతారక్కా? కాగితం పూల బతుకమ్మకు మీ అత్తమ్మ ఒప్పుకుంటుందా?

చేర్యాల కోడలు:
ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. కానీ అది నాతో పుట్టిందంటే నమ్మను తమ్ముడూ. అమ్మ వెంట చేన్ల గట్ల మీద గునుగు తెంపుతూ తిరిగితే అంటుకుంది. మా పాప అపార్ట్‌మెంట్‌లో పెరుగుతోంది, పూలు మార్కెట్ నుంచి వస్తాయి. కాగితం పూలైతే వాడిపోవు కదా అంటోంది.