పక్షవాతంతో మంచం పట్టిన అమ్మ కోసం వృద్ధుల హోమ్ చూస్తున్నాం, ఏం గమనించాలి?

సైనిక్‌పురి_కిరణ్:
అమ్మకు 76 ఏళ్లు. స్ట్రోక్‌తో ఎడమ పక్క పడిపోయింది. యూరిన్ పైపు ఉంది. రెండు పూటలా ఇన్సులిన్. తిండి నోటితోనే, కానీ నీళ్లు తాగితే పొలమారుతోంది. అల్వాల్, కొంపల్లి, నాగారం వైపు కొన్ని హోమ్‌లు చూశాం. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, అందరూ "24 గంటలూ నర్సు ఉంటుంది సార్" అనే అంటున్నారు. ఇంట్లో ఉంచే వీలు లేదు, దయచేసి ఆ చర్చ వద్దు. ఏది నిజంగా మంచిదో తేల్చుకోవడం ఎలా?

వార్డు_సిస్టర్:
ఆఫీసు గదిలో కూర్చుంటే ఏదీ తేలదండీ. మంచం మీదున్నవాళ్ల గదికి తీసుకెళ్లమనండి. నడవగలిగేవాళ్లు ఏ హోమ్‌లోనైనా బాగానే కనిపిస్తారు.

ముందు పక్క మార్చే చార్టు అడగండి. కదల్లేని మనిషిని 2 గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అంటే రోజుకు 12 సంతకాలు. రాత్రి 12, 2, 4 గంటల గళ్లు చూడండి. అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు అయితే పొద్దున కూర్చుని నింపేశారని అనుకోవచ్చు. రాత్రి డ్యూటీ పట్టీ కూడా చూడండి. పక్షవాతం మనిషిని ఈడ్చకుండా తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఆ అంతస్తులో రాత్రి ఒక్క ఆయమ్మే ఉంటే, చార్టులో ఏం రాసి ఉన్నా నమ్మకండి.

పుండు ఎక్కువగా మొదలయ్యేది నడుం కింది ఎముక మీద, తుంటి పక్కన, మడమల్లో. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, అక్కడ వేడిగానో గట్టిగానో తగులుతుంది. పుండు పడేముందు ఎలా తెలుస్తుందని మేనేజర్ని కాదు, ఆయమ్మని అడగండి. చెప్పగలిగితే అక్కడ నేర్పేవాళ్లున్నారు.

ఎయిర్ బెడ్ (మోటార్‌తో గాలి నింపే పరుపు) ఉంది కదా అని పక్క మార్చడం మానకూడదు. అమ్మను చేర్చాక పరుపు అడుగున, నడుం కింద అరచెయ్యి దూర్చి చూడండి. అంగుళం మందమైనా గాలి ఉండాలి. ఎముక తగిలితే మోటార్‌లో గాలి చాలట్లేదు, లేదా ట్యూబు ఊడింది.

యూరిన్ బ్యాగ్ మంచం పట్టీకి వేలాడాలి, నేలకు తగలకూడదు. శుభ్రం చేసేటప్పుడు కాళ్ల మధ్య పరుపు మీద పెట్టి మరిచిపోతారు, మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది.

కాప్రా_చెరువు:
సిస్టర్ గారు తిండి సంగతి ముట్టుకోలేదు. కిరణ్ గారూ, రాత్రి భోజనం వేళకు వెళ్లండి. పొలమారే మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, సగం చెంచా చొప్పున, మింగాక మరోటి పెట్టాలి. తిన్నాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. సిబ్బంది తక్కువైన చోట పడుకోబెట్టే తినిపిస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. పలుచని నీళ్ల కంటే చిక్కటి జావ కొందరికి తేలిగ్గా దిగుతుంది. ఎంత చిక్కగా ఉండాలో, మింగడం కూడా పరీక్షించే స్పీచ్ థెరపిస్టుతో రాయించుకుని వంటావిడకే ఇవ్వండి.

ఇన్సులిన్ వేశాక భోజనం ఎంతసేపటికి వస్తుందో గడియారం పట్టి చూడండి. వంట ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. "70 కన్నా తగ్గితే ఏం చేస్తారు?" అని నర్సును అడగండి. "చక్కెర నీళ్లు పోస్తాం" అంతటితో ఆగితే చాలదు. స్పృహ తగ్గిన మనిషికి నోట్లో ఏమీ పోయకూడదు, నరం ద్వారా డెక్స్‌ట్రోస్ (గ్లూకోజు) ఎక్కించాలి. అది చేయగల మనిషి రాత్రి ఉన్నారా? ఏఎన్‌ఎమ్ (చిన్న నర్సు కోర్సు) చదివారా, జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చదివారా, తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం తప్పేం కాదు.

మీరు వెళ్లినప్పుడల్లా ఎప్పుడూ నిద్రలోనే కనిపించేవాళ్లు ఎక్కువైతే, మందుల చార్టులో నిద్రమాత్రలు ఎవరు రాశారో అడగాల్సిందే.

సైనిక్‌పురి_కిరణ్:
చాలా థ్యాంక్సండీ. 8 మంచాల చిన్న హోమ్ ఒకటి మనసుకు నచ్చింది, ఇండిపెండెంట్ ఇల్లు, మొదటి అంతస్తు. చిన్నదైతే బాగా చూసుకుంటారా?

లెక్కల_మాస్టారు:
చూసుకోవచ్చు, కానీ ఆ మొదటి అంతస్తే నాకు నచ్చలేదు. లిఫ్ట్ లేకపోతే అర్ధరాత్రి 108 వచ్చినా మెట్ల మీంచి దించాలి. లిఫ్ట్ ఉంటే స్ట్రెచర్ పట్టేదేనా చూడండి. కరెంటు పోతే ఎయిర్ బెడ్ మోటార్‌కు బ్యాకప్ ఉందా? ఫ్యాన్లు, లైట్లకే ఇన్వర్టర్ ఇచ్చి వదిలేస్తుంటారు. ఎండాకాలం ట్యాంకర్ మీద ఆధారపడే ఇల్లైతే మంచం మీది వాళ్ల స్నానాలు ఎన్ని రోజులకోసారో అడగండి.

డబ్బు విషయంలో నెలసరి మొత్తం ఒక్కటే చూడకండి. డైపర్లు, ఫిజియో, డ్రెస్సింగ్, అంబులెన్స్ అందులో ఉన్నాయా, విడిగానా? ఆసుపత్రిలో చేరిన రోజులకు చార్జీ తగ్గిస్తారా? అప్పుడు తోడెవరు వెళ్తారు? డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? నోటిమాట వద్దు, కాగితం మీద ఉండాలి. ఏ వేళకైనా రావచ్చన్న మాట కూడా అందులోనే రాయించండి. "ఆదివారం 11 నుంచి 1 వరకే" అనే చోట అమ్మను వదలొద్దు.

వేరే హోమ్‌ల వివరాలు కావాలన్నా, తర్వాత ఫిర్యాదు చేయాలన్నా వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

వార్డు_సిస్టర్:
ఒకటి కలుపుతున్నాను. చేర్చే రోజు నర్సు ఎదురుగానే నడుం, తుంటి, మడమల ఫోటోలు తీసి, పైపు మార్చిన చివరి తేదీ, మందుల పట్టీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తర్వాత పుండు కనిపిస్తే "ఇంటి నుంచే తెచ్చారు" అనే మాట రాదు.