గిబ్బన్ల అడవికి బరంపురం నుంచి వెళ్ళాలనుంది – పెద్దావిడతో, పిల్లతో కుదురుతుందా?

బరంపురం పంతులమ్మ:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడే ఒక బడిలో సైన్సు చెబుతాను. మా మరిది దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మంకీలాండ్ అనే చోట తీసిన వీడియోలు చూపించాడు. బోనులు లేవు, గొలుసులు లేవు. గైడు ముందు నడుస్తుంటే పదిమంది వెనకాల మెల్లగా నడుస్తున్నారు, కోతులు వాటి పాటికి అవి కొమ్మల్లో తిరుగుతున్నాయి. అప్పట్నుంచి మా అమ్మాయి (ఎనిమిదో తరగతి) ఒకటే పట్టు, మనమూ ఇలాంటి చోటికి వెళ్దామని.

దక్షిణాఫ్రికా మాకు అయ్యే పని కాదు. అస్సాంలో జోర్హాట్ దగ్గర హూలోంగాపార్ అని, గిబ్బన్లనే తోక లేని వానరాల అభయారణ్యం ఉందని చదివాం. ఎవరైనా వెళ్ళారా? మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పి, ఎక్కుడు దిగుడు ఉంటే కష్టం. నడక ఎంత ఉంటుంది? గిబ్బన్లు దగ్గరగా కనిపిస్తాయా? మా దగ్గరి తప్తపాణి ఘాట్ రోడ్డులో కోతులకి పెట్టినట్టు అరటిపళ్ళు పెడతానని మా అమ్మాయి అంటోంది, అక్కడ పెట్టనిస్తారా? ఏ నెలలో వెళితే మంచిది?

పర్లాకిమిడి – ఇప్పుడు డర్బన్:

మేడమ్, మీ మరిది గారు చూపించిన చోటికి నేనూ వెళ్ళాను. ప్లెటెన్‌బర్గ్ బే అనే సముద్ర తీరపు ఊరి దగ్గర ఉంటుంది. 1998లో తెరిచారు. అక్కడ ఉన్నవాటిలో చాలావరకు ఎవరో ఇళ్ళలో పెంచి వదిలించుకున్నవి, జూల నుంచి వచ్చినవి. ఏళ్ల తరబడి బోనులో ఉన్నదాన్ని ఒక్కసారిగా చెట్ల మధ్య వదిలితే బెదిరిపోతుంది కాబట్టి ముందు కొన్నాళ్ళు విడిగా ఉంచి అలవాటు చేస్తారట. గైడు లేకుండా లోపలికి ఎవర్నీ పంపరు. మధ్యలో లోయ మీద వంద మీటర్లకు పైగా పొడవుండే తాళ్ల వంతెన ఉంది. దాని మీద నడుస్తుంటే చెట్ల తలలు మన కళ్ళ ఎత్తున ఉంటాయి.

మీ అమ్మాయికి ముందే చెప్పవలసింది ఒకటుంది. అక్కడ ముట్టుకోనివ్వరు, తిండి పెట్టనివ్వరు. ఒక లెమూరు (కోతులకి దూరపు చుట్టం) దారి మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే మా గైడు మమ్మల్ని అక్కడే ఆపేసింది. అది లేచి వెళ్ళేదాకా అందరం నిలబడ్డాం. మా గుంపులో ఒకాయన చెయ్యి చాపబోతే ఆవిడ గట్టిగానే వద్దంది. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది.

జయపురం ఫొటోగ్రాఫర్:

నాకొక సందేహం. లెమూర్లు మడగాస్కర్‌వి, స్పైడర్ మంకీలు మధ్య, దక్షిణ అమెరికాలవి, గిబ్బన్లు మన ఆసియావి. అన్నిటినీ ఆఫ్రికాలో ఒక చిన్న అడవిలో వదిలి చుట్టూ కంచె వేస్తే దాన్ని స్వేచ్ఛ అంటామా? పెద్ద జూ అవుతుంది కదా?

పర్లాకిమిడి – ఇప్పుడు డర్బన్:

అన్నా, మీరన్నది సగం నిజం. అది వాటి సొంత అడవి కాదు. కానీ చిన్నప్పుడే తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి ఇంట్లో పెంచినదానికి అడవిలో ఏం తినాలో, దేనికి భయపడాలో తెలియదు. తిరిగి మడగాస్కర్‌లో వదిలితే బతకదు. బోనుకీ సొంత అడవికీ మధ్య ఉన్న దారి ఇదొక్కటే అని నాకు అనిపించింది. సొంత అడవిలో ఉన్నవాటిని చూడాలంటే మేడమ్ గారు అడిగిన హూలోంగాపారే సరైనది.

ఛత్రపురం లోకో పైలట్ (రిటైర్డ్):

అమ్మా, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. ఖుర్దారోడ్–పలాస సెక్షన్‌లోనే నా సర్వీసు ఎక్కువగా గడిచింది. మా అబ్బాయి జోర్హాట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ మా ఆవిడా అక్కడే కొన్నాళ్ళు ఉన్నాం. ఈ అడవి అప్పుడే చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. మీరు బండి మారనక్కర్లేదు. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన బరంపురంలో ఆగుతుంది, మరియానిలోనూ ఆగుతుంది. మరియాని జంక్షన్ నుంచి అడవి దగ్గరే. రాత్రి బండిలోనే గడుస్తుంది. అంత దూరం వచ్చే బండి టైముకి చేరుతుందని నమ్మకం పెట్టుకోకండి. దిగిన రోజు జోర్హాట్‌లో గది తీసుకుని పడుకోండి, మర్నాడు పొద్దున్నే అడవికి వెళ్ళండి. అత్తగారికి లోయర్ బెర్త్ కోసం సీనియర్ సిటిజన్ కోటాలో ముందే చూసుకోండి.

నడక గురించి బెంగ వద్దు. మన మహేంద్రగిరిలా కొండ కాదు, అదంతా చదునైన నేల. చుట్టూ టీ తోటలు, మధ్యలో ఈ అడవి. మొత్తం 21 చదరపు కిలోమీటర్ల లోపే. 1881లో రిజర్వ్ ఫారెస్టు చేశారు, 1997లో అభయారణ్యం అయింది. టికెట్ తీసుకున్నాక ఫారెస్టు గార్డు తుపాకీతో మీ వెంట వస్తాడు. లోపల ఏనుగులు తిరుగుతాయి కాబట్టి ఆ ఏర్పాటు. మోకాళ్ళు నొప్పి పెడితే చెప్పండి, వాళ్ళు తొందర పెట్టరు. మా ఆవిడ మధ్యమధ్యలో కూర్చుంటూనే నడిచింది.

పొద్దున్నే వెళ్ళమని ఎందుకంటున్నానంటే, గిబ్బన్లు అరిచేది అప్పుడే. ఆ అరుపు కిలోమీటరు దూరానికి కూడా వినిపిస్తుంది. ఆడది, మగది కలిసి గొంతు కలుపుతాయి. ఒకటి మొదలుపెడితే రెండోది అందుకుంటుంది, అలా పెరిగి పెరిగి అడవంతా మోగిపోతుంది. ఇది మా హద్దు అని పక్క కుటుంబానికి చెప్పడమట. మా గార్డు ఆ అరుపు వినగానే దారి మార్చాడు. ఒక పండ్ల చెట్టు కింద ఆపి, ‘ఊపర్ దేఖియే’ (పైకి చూడండి) అన్నాడు.

మగది నల్లగా ఉంటుంది, కనుబొమలు మాత్రం తెల్లగా ఉంటాయి. ఆడది గోధుమ రంగు. రెండూ వేరే జాతులేమో అనుకుంటాం. పిల్ల లేత రంగులో పుట్టి తర్వాత నల్లబడుతుంది. ఆడపిల్లయితే ఈడొచ్చాక మళ్ళీ గోధుమ రంగుకి తిరుగుతుంది. తోక ఉండదు, ఎందుకంటే అది కోతి కాదు, వానరం (ఇంగ్లీషులో ఏప్). చింపాంజీ, గొరిల్లాల వరసలోది. మన దేశంలో ఉన్న ఒకే ఒక్క వానర జాతి ఈ హూలాక్ గిబ్బన్. బడిలో చెప్పేటప్పుడు ఇది పనికొస్తుంది.

దగ్గరగా కనిపిస్తాయా అన్నారు. కనిపించవమ్మా. హోలోంగ్ చెట్లు తాటిచెట్టు కంటే ఎత్తు, వాటి పైకొమ్మల్లో ఉంటాయి. చేతులతో కొమ్మ నుంచి కొమ్మకి ఊగుతూ వెళ్తాయి, ఫోన్ కెమెరాకి అందవు. బైనాక్యులర్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్ళండి. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడాలి, అప్పుడు వాటి సంసారం కనిపిస్తుంది. ఆ అడవిలో ఇంకా క్యాప్డ్ లంగూర్లు, పంది తోక కోతులు, ఎర్ర మొహం పొట్టి తోక కోతులు ఉన్నాయి. మొత్తం ఏడు రకాలు. మన దేవాంగ పిల్లికి దగ్గరి చుట్టమైన స్లో లోరిస్ కూడా ఉంది గానీ అది రాత్రి తిరిగేది, పగలు వెళ్ళేవాళ్ళకి కనబడటం కష్టం.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది రైలు పట్టాల గురించి. ఆ అడవిని చీల్చుకుంటూ రైలు మార్గం వెళ్తుంది. టీ తోటల కోసం బ్రిటిష్ వాళ్ళు వేసిన లైను. దానివల్ల అడవిలో ఒక చిన్న ముక్క విడిపోయింది. ఏనుగు పట్టాలు దాటుతుంది, పంది దాటుతుంది, మామూలు కోతి కిందికి దిగి పరుగెత్తి దాటుతుంది. గిబ్బన్ దిగదు. దాని ఒళ్ళంతా చేతులతో వేలాడి వెళ్ళడానికే తయారైంది, నేల మీద దానికి భయం. పైన కొమ్మలు కలవకపోతే ఆ పక్క చెట్టు కళ్ళ ముందున్నా అందదు. చిన్న ముక్కలో ఉండిపోయిన కుటుంబంలో పిల్లలు ఎదిగాక జోడీ వెతుక్కోవడానికి ఎక్కడికి వెళ్తాయి?

నేను ఇంజన్ నడిపినవాణ్ణి. అడవిలో లైను అంటే మాకు కాషన్ ఆర్డరు (జాగ్రత్తగా నడపమనే ఆదేశం), స్పీడు తగ్గించడం, హారన్ కొట్టడం. 2012 డిసెంబరు ఆఖర్లో మన గంజాం జిల్లాలోనే, రంభ దగ్గర, ఏనుగుల మందని ఎక్స్‌ప్రెస్ బండి గుద్దింది. ఆ తర్వాత ఆ చోట దాటిన ప్రతిసారీ నా చెయ్యి బ్రేకు మీదే ఉండేది. ఏనుగుకైతే స్పీడు తగ్గిస్తే మేలు జరుగుతుంది. గిబ్బన్‌కి బండి ఎంత మెల్లగా నడిపినా ఉపయోగం లేదు, అక్కడ కావలసింది కొమ్మలు. ఒకసారి ఇనుప వంతెన కట్టి చూశారు, అవి దాన్ని నమ్మలేదు. పట్టాలకి రెండువైపులా చెట్లు పెంచి కొమ్మలు కలిసేలా చూస్తేనే దాటాయి. ఇప్పుడు కరెంటు లైను, 25 వేల వోల్టుల తీగ వస్తే ఆ కొమ్మల్ని ఉంచడమే కష్టం. అందుకే వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు తాళ్ల వంతెనలు ఎలా ఉండాలో రైల్వేకి సూచించారు. వంతెన కట్టేశాం, పనైపోయింది అనుకోకుండా, అవి నిజంగా దాటుతున్నాయో లేదో ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. వెళ్ళినప్పుడు గార్డుని అడిగి ఆ లైను దగ్గర పది నిమిషాలు నిలబడండి. మీ అమ్మాయికి చూపించండి.

అరటిపళ్ళు మాత్రం వద్దు తల్లీ. గిబ్బన్‌కి పెట్టాలన్నా అందదు, మిగతా కోతులకీ పెట్టకూడదు. మన జలుబు, దగ్గు వాటికి అంటుకుంటాయి. ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజు మానేయండి. చనువుగా అంటున్నాననుకోకపోతే, తప్తపాణి ఘాట్‌లో కూడా పెట్టకండి. బండి స్పీడు తగ్గితే తిండి దొరుకుతుందని అవి నేర్చుకున్నాయి. పిల్లని పొట్టకి కరుచుకుని తల్లి కోతి రోడ్డు మీదికి వస్తుంది, మలుపులో లారీ వస్తుంది. పైన అడవిలో పళ్ళు, చిగుళ్ళు తినవలసినవి బిస్కెట్ల కోసం రోడ్డు పక్కన కూర్చుంటున్నాయి.

జయపురం ఫొటోగ్రాఫర్:

బాబాయిగారూ, ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. పట్టాల సంగతి నాకు తెలియదు. టీచర్ గారికి ఒక మాట. మన దేశంలో హూలాక్‌లు రెండు జాతులని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాద్ సీసీఎంబీ (జీవకణాల పరిశోధన సంస్థ) వాళ్ళు జన్యువులు పరీక్షించి రెండూ ఒకటేనని 2021లో తేల్చారు. పాత పుస్తకాల్లో రెండని ఉంటే అది చూసుకోండి.

ఇంకొకటి, మీ జిల్లాలోనే భేటనాయిలో కృష్ణజింకల్ని ఊరివాళ్ళే కాపాడుకుంటున్నారు. పొలంలో మేసినా తరమరు. అస్సాం వెళ్ళేలోపు ఒక ఆదివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. దూరంగా నిలబడి ఓపిగ్గా చూడటం అక్కడే అలవాటవుతుంది.

బరంపురం పంతులమ్మ:

అందరికీ చాలా థాంక్స్. బాబాయిగారూ, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. పట్టాల దగ్గర చెట్లు పెంచిన సంగతి విని, ఎన్నేళ్ళు పట్టింది, ఏ చెట్లు నాటారు అని అడుగుతోంది. అక్కడ గార్డునే అడగమన్నాను. తప్తపాణి సంగతి కూడా ఒప్పుకుంది, బడిలో తోటి పిల్లలకి చెబుతానంది. భేటనాయికి వచ్చే ఆదివారమే వెళ్తున్నాం. అస్సాం నవంబరులో పెట్టుకుందామా, క్రిస్మస్ సెలవుల్లోనా? జలగలు ఉంటాయని ఎవరో భయపెట్టారు, అత్తగారికి టెన్షన్.

ఛత్రపురం లోకో పైలట్ (రిటైర్డ్):

క్రిస్మస్ సెలవులే మేలమ్మా. జలగలు వానాకాలంలో, నేల తడిగా ఉన్నప్పుడు. డిసెంబరుకి బెడద బాగా తగ్గుతుంది. అయినా పొడుగు మేజోళ్ళు వేసుకుని ప్యాంటు అంచులు లోపలికి దోపుకోమనండి, చీరకంటే చుడీదార్ నయం. పొద్దున మంచు, చలి ఉంటాయి. స్వెట్టరు ముదురు రంగుదైతే మంచిది, ఎర్రవి, పసుపువి వద్దు. గార్డు ఆగమన్నప్పుడు ఆగితే చాలు, ఫోన్‌లో గట్టిగా మాట్లాడకండి.

మరియాని నుంచి వెళ్ళినా, జోర్హాట్ నుంచి వెళ్ళినా బండి రానుపోను కలిపి మాట్లాడుకోండి. అడవి గేటు దగ్గర తిరుగు ఆటో దొరకడం కష్టం. డ్రైవరుకి మూడు గంటలైనా ఆగాలని ముందే చెప్పండి.