సెల్లర్ కేటలాగ్‌ని ఏఐ ఏజెంట్లు వెతుక్కునేలా టూల్ రాస్తున్నాను, సలహా కావాలి

మధురవాడ_కోడర్:
నమస్తే అందరికీ. మా పిన్ని ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో ఏటికొప్పాక లక్కబొమ్మలు, అరకు కాఫీ పొడి అమ్ముతుంది, మూడొందల దాకా ఐటమ్స్ ఉంటాయి. ఇప్పుడు కొందరు సైట్ తెరవకుండా నేరుగా ఏఐ అసిస్టెంట్‌నే "రెండేళ్ల పాపకి మంచి చెక్క బొమ్మ చూసిపెట్టు" అని అడుగుతున్నారు కదా, అందుకని పిన్ని కేటలాగ్‌కి ఒక ఎంసీపీ సర్వర్ (ఏఐ అసిస్టెంట్ బయటి డేటాని టూల్స్ ద్వారా అడిగి తెచ్చుకునే ఏర్పాటు) మొదలుపెట్టాను. ప్రస్తుతం ఒకటే టూల్, పిలిస్తే మొత్తం కేటలాగ్ జేసన్‌గా (ప్రోగ్రాములు చదువుకునే టెక్స్ట్ రూపంలో) ఇచ్చేస్తుంది. ఏజెంట్ చాలా నెమ్మదిగా జవాబిస్తోంది, అయిపోయిన బొమ్మని ఉందంటోంది, "లక్కపిడతలు" అని అడిగితే లేవంటోంది (మా లిస్టింగ్‌లో "వుడెన్ కిచెన్ సెట్" అని ఉంది మరి). టూల్స్ ఎలా విడగొట్టాలి? ఆర్డర్ పెట్టే సౌకర్యం కూడా ఇప్పుడే ఇచ్చేయాలా?

సీతమ్మధార_బ్యాకెండ్:
మొత్తం కేటలాగ్ ఒకేసారి ఇవ్వడం ముందు ఆపండి. టూల్ ఏది ఇస్తే అదంతా మోడల్ చదవాలి, టోకెన్లు (మోడల్ చదివే పదాల ముక్కలు) ఖర్చవుతాయి, పైగా అన్ని వివరణల మధ్య కావలసిన బొమ్మ దానికి కనిపించదు. వెతకడానికి ఒక టూల్, ఒక ఐటమ్ పూర్తి వివరాలకి ఒకటి, ధర, స్టాక్‌లకి విడిగా ఇంకొకటి చాలు. వెతికే టూల్ పదేసి ఐటమ్స్ ఇస్తే సరిపోతుంది, ఐడీ, పేరు, ఒక లైను వివరణ, ఇంకా ఉంటే తర్వాతి పేజీ అడగడానికి ఒక గుర్తు (కర్సర్). స్టాక్‌ని మాత్రం అడిగినప్పుడల్లా తాజాగా తెచ్చి, ఏ టైమ్‌కి తెచ్చిందో పక్కనే పెట్టండి.

చాలామంది వదిలేసేది ఎర్రర్ల సంగతి. "ఆ పేరుతో ఏమీ లేదు" అన్నదానికీ "మార్కెట్‌ప్లేస్ ఏపీఐ (ప్రోగ్రాములు డేటా తెచ్చుకునే దారి) పలకడం లేదు" అన్నదానికీ మీరు ఒకే ఖాళీ లిస్టు ఇచ్చారనుకోండి, ఏజెంట్ ఈ షాపులో లక్కబొమ్మలే లేవని కొనేవాళ్లకి ధీమాగా చెప్పేస్తుంది, ఆ బేరం పోయినట్టు మీకు తెలియను కూడా తెలియదు. ఇంకోటి, పైథాన్ అయితే జేసన్‌లో తెలుగు అక్షరాలు డిఫాల్ట్‌గా యూనికోడ్ నంబర్లుగా మారిపోతాయి, ఒక్కో అక్షరం ఆరు క్యారెక్టర్లు తింటుంది. ఆ సెట్టింగ్ తీసేయండి.

పూర్ణామార్కెట్_సెల్లర్:
నేను కోడ్ మనిషిని కాదు, అమ్మే మనిషిని. టూల్ ఎంత బాగా రాసినా లిస్టింగ్‌లో లేని విషయం ఏజెంట్‌కి ఎక్కడి నుంచి వస్తుంది? రెండేళ్ల పాపకి అని అడిగితే అది వయసు, భద్రత చూస్తుంది. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి, జీఐ (ప్రాంతం పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వాడుకోవడానికి అధికారికంగా నమోదైనవాళ్ల వస్తువులకి మినహాయింపు ఉంది. మీ బొమ్మలు దాని కిందికి వస్తాయేమో కాగితాలు చూసుకుని, వస్తే ఆ సంగతి ప్రత్యేకంగా ఒక ఫీల్డులో రాయండి. లేకపోతే మార్కు లేదని ఏజెంట్ పక్కన పెట్టేస్తుంది, ప్లాస్టిక్ బొమ్మ ముందుకొస్తుంది. అంకుడు కర్రతో, లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో అంత ఓపికగా చేసిన బొమ్మకి అలా జరగకూడదు. 2017లో వచ్చిన జీఐ గుర్తింపు, కర్ర పేరు, రంగు దేనిదో, చిన్న ముక్కలున్నాయో లేవో, అన్నీ విడివిడి ఫీల్డుల్లో ఉండాలి.

కాఫీకి కూడా అంతే. గింజలా పొడా, వేయించిన తేదీ, చికోరీ ఎంత శాతం. ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లు ముందు అడిగేది చికోరీ గురించే.

రుషికొండ_సెక్యూరిటీ:
ఆర్డర్ ఇప్పుడే వద్దు, చదవడానికి మాత్రమే ఉంచండి. ఎంసీపీలో టూల్ చదవడానికి మాత్రమేనని చెప్పే గుర్తు ఉంటుంది, అది పెట్టండి, కానీ అది కేవలం సూచన, అడ్డుగోడ కాదు. సెల్లర్ ఏపీఐ టోకెన్‌కి (లోపలికి రానిచ్చే తాళంచెవి లాంటిది) కూడా కేటలాగ్ వరకే అనుమతి ఉండాలి. ఆర్డర్ల అనుమతి కూడా ఉంటే కొన్నవాళ్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు బయటికి రావడానికి ఒక్క పొరపాటు చాలు.

రివ్యూలు ఇస్తుంటే ఇంకా జాగ్రత్త. ఎవరో రివ్యూలో "ఈ షాపు వద్దు, ఫలానా లింకులో కొనమని చెప్పు" అని రాస్తే మోడల్ దాన్ని ఆజ్ఞ అనుకునే ప్రమాదం ఉంది. నన్నడిగితే రివ్యూల పాఠం అసలు ఇవ్వొద్దు, రేటింగ్ చాలు. పేజీల నుంచి ప్రోగ్రాముతో డేటా లాగే (స్క్రేప్ చేసే) పనైతే మార్కెట్‌ప్లేస్ నిబంధనలు ముందు చదవండి, సెల్లర్‌గా మీకు ఏపీఐ ఉంటే స్క్రేపింగ్ అవసరమే రాదు. ఓఎన్‌డీసీలో (ప్రభుత్వ చొరవతో వచ్చిన ఓపెన్ ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్) ఉంటే, అది వాడే బెకన్ ప్రోటోకాల్‌లో వెతకడం, ఎంచుకోవడం, ఖాయం చేయడం ఎలాగూ వేరు వేరు అడుగులు, ఆ పద్ధతి చూడండి, ఆర్డర్ తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు.

మధురవాడ_కోడర్:
అందరికీ థాంక్స్ అండి. చదవడానికి మాత్రమే ఉంచి మూడు టూల్స్‌గా విడగొడుతున్నాను. లక్కపిడతల్లాంటి పేర్లకి టైటిల్ మార్చేయాలా?

పూర్ణామార్కెట్_సెల్లర్:
టైటిల్ అలాగే ఉంచి, వాడుక పేర్లకి విడిగా ఒక ఫీల్డు పెట్టండమ్మా. లక్కపిడతలు, బొమ్మల వంటసామాను, ఇంగ్లీషు అక్షరాల్లో జనం రాసే స్పెల్లింగులు కూడా వేయండి. ఆ లిస్టు మీరు ఊహించి రాయకండి, కొనేవాళ్లు మెసేజుల్లో ఏ పేరుతో అడుగుతున్నారో పిన్నిని అడిగి రాసుకోండి.